క్యాన్ మానేసి నల్లా నీళ్లకు మారిన ఆరు నెలల డైరీ

ఫిబ్రవరి 11

పొద్దున ఖాళీ వాటర్ క్యాన్ తిరిగి ఇచ్చే ముందు బాల్కనీలో ఎండకు ఎత్తి చూశాను. అడుగున, వంపుల సందుల్లో పల్చగా పచ్చటి పాచి. మూడేళ్లుగా మా ఇద్దరు పిల్లలూ తాగుతున్నవి ఈ నీళ్లే. క్యాన్లు తెచ్చే తమ్ముడికి చూపిస్తే "మేడం, ఇది వేరే ఇంటి నుంచి మారిపోయి వచ్చినట్టుంది, ఇంకోటి ఇస్తా" అన్నాడు. అతన్ని ఏమీ అనలేకపోయాను. లిఫ్టు లేని మా బిల్డింగులో మూడో అంతస్తుకి భుజానికొకటి చొప్పున రెండు క్యాన్లు మోసుకొచ్చే పిల్లాడు, లోపల ఏముందో అతనికి మాత్రం ఎలా తెలుస్తుంది?

మేముండేది హైదరాబాద్‌లో వనస్థలిపురం వైపు. కిచెన్‌లో రెండు నల్లాలు, ఒకటి బోరుది, రెండోది మంజీరాది. వాటర్‌బోర్డు నీళ్లను మంజీరా అని అందరం అలవాటుగా అంటాం గానీ మా వైపు వచ్చేవి కృష్ణా నీళ్లు. నాగార్జునసాగర్ నుంచి తోడి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, పైపుల్లో సాహెబ్‌నగర్ దాకా తెస్తారు. అంత దూరం నుంచి, అంత ఖర్చుతో ఇంటికొచ్చిన నీళ్లతో మేం పప్పు కడిగి, గిన్నెలు తోముకుని, తాగడానికి మాత్రం 35 రూపాయలు పెట్టి క్యాన్ కొంటున్నాం. 2021లో మొదలైన ఉచిత నీటి పథకంలో నెలకు 20 వేల లీటర్ల దాకా బిల్లు కూడా లేదు.

ఇవాళ నోట్‌బుక్ తెరిచాను. నల్లా నీళ్లు తాగడానికి పనికొస్తాయో లేదో పరీక్షలు చేసి తేల్చుకోవాలి, పనికొస్తే ఫిల్టర్ పెట్టుకుని క్యాన్ ఆపేయాలి. పరీక్ష చేయకుండా మాత్రం పిల్లలకు ఒక్క గ్లాసు కూడా ఇవ్వను.

ఫిబ్రవరి 15

క్యాన్లు నింపే వాటర్ ప్లాంట్‌కు మా ఆయన, నేను వెళ్లాం. మా ఇంటికి కిలోమీటరు కూడా లేదు. రేకుల షెడ్డు, లోపల ఆర్ఓ (నీళ్లలో కరిగిన లవణాలను కూడా వడకట్టే పద్ధతి) గొట్టాలు, బయట బోరు. అంటే మా కిచెన్‌లో బోరు నల్లాలో వచ్చే నేల నీళ్లలాంటివే, ఆర్ఓలో వడకట్టి మాకు అమ్ముతున్నారు. వెనక సన్న పైపు ఒకటి ఆగకుండా మోరీలోకి కారుతోంది, అది ఆర్ఓ వదిలేసే నీళ్లు.

మనం అన్నిటినీ మినరల్ వాటర్ అనేస్తాం గానీ నిజమైన మినరల్ వాటర్‌కు ఐఎస్ 13428 అని వేరే ప్రమాణం ఉంది. మామూలుగా దొరికే సీల్డ్ బాటిళ్లు, క్యాన్లు ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్ కిందికి వస్తాయి, వాటిది ఐఎస్ 14543. మాకొచ్చే క్యాన్ మీద ఆ నంబర్లు రెండూ లేవు, సీలూ లేదు, ఉత్త మూత.

ఫిబ్రవరి 21

టీడీఎస్ మీటర్ వచ్చింది, 250 రూపాయలు. నల్లా 342, బోరు 978, క్యాన్ 38. మా ఆయన ఆ 38 చూడగానే "చూశావా, క్యానే క్లీన్" అన్నాడు. ఇక్కడే చాలామంది పొరపడతారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఈ మీటర్ నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి, కరిగిన లవణాలు సుమారుగా ఎన్ని ఉన్నాయో అంచనా చెబుతుంది, అంతే. క్రిముల సంగతి దానికి తెలియదు. మురికి చేత్తో ముట్టుకున్న వాన నీళ్లకు కూడా 20 చూపిస్తుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 లోపుంటే లవణాల విషయంలో చింతే లేదు, కాబట్టి 342కి భయపడాల్సిన పని లేదు. బోరు 978 మాత్రం తాగడానికి నాకొద్దు.

మార్చి 3

ల్యాబ్ రిపోర్టు వచ్చింది. మూడు శాంపిళ్లకు 2,800 రూపాయలు. ఇంత ఎందుకని అత్తమ్మ అడిగింది గానీ, ఈ ప్రాజెక్టు మొత్తంలో నేను పెట్టిన మంచి ఖర్చు ఇదే.

అంకెలన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో. బోరు నీళ్లలో నైట్రేట్ 62, పరిమితి 45. హార్డ్‌నెస్ 520. ఇక దాని మాట ఎత్తను. నల్లా నీళ్లలో ఫ్లోరైడ్ 0.5, నైట్రేట్ 8, హార్డ్‌నెస్ 150, రసాయనాల వరకు అన్నీ హద్దుల్లోనే. మా అత్తమ్మ పుట్టిల్లు నల్గొండ దగ్గర. వాళ్ల ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగింది, అందుకే ముందుగా ఆ అంకె చదివి వినిపించాను. ఆర్ఓ లాంటివి తప్ప మామూలు ఫిల్టర్లు ఫ్లోరైడ్‌ను తీయలేవు. నీళ్లలో అది ఎక్కువుంటే నేను చేస్తున్నదంతా పనికిరాదు. బోరు మీదే ఆధారపడినవాళ్లు ముందు ఈ పరీక్ష చేయించుకోండి.

ఇక కష్టమైన వార్త. నల్లా శాంపిల్లో కోలిఫారం బ్యాక్టీరియా ఉంది, అంటే నీళ్లలోకి ఎక్కడో మురికి చేరుతుండొచ్చు. మలం కలిసిందని చెప్పే ఈ.కోలై లేదు గానీ కోలిఫారం కూడా ఉండకూడదు. క్యాన్ శాంపిల్లో ఏదీ లేదు, పాసైంది.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన "మరి క్యానే నయం కదా" అన్నాడు. నాకూ వెంటనే జవాబు తోచలేదు. పడుకున్నాక ఆలోచిస్తే తట్టింది: పాసైంది ఆ ఒక్క క్యాన్. వారానికి ఐదు వస్తాయి, రేపు వచ్చేది ఎలాంటిదో నేను తెలుసుకునే దారి లేదు, తప్పు దొరికినా దాన్ని బాగు చేసే దారి అసలే లేదు. నల్లాలో తప్పుంటే అది మా బిల్డింగులోనో మా వీధిలోనో ఎక్కడో ఒకచోట ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

మార్చి 10

ఏ ఫిల్టర్ అన్నది తేల్చుకున్నాం. ఆర్ఓ వద్దు. మా నల్లా నీళ్లలో తీసేయాల్సినంత లవణాలు లేవు, పైగా ఇళ్లల్లో వాడే ఆర్ఓ చాలావరకు ఒక లీటరు ఇచ్చి రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్ఓలు వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. అయినా షాపువాడు మాకు మొదట చూపించింది ఆర్ఓనే.

మేం తీసుకునేది: ముందు మట్టి, తుప్పు ఆపే 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సెడిమెంట్ ఫిల్టర్, తర్వాత క్లోరిన్ వాసన తీసే కార్బన్ బ్లాక్, చివర యూఎఫ్ మెంబ్రేన్. యూఎఫ్ అంటే వెంట్రుకల్లాంటి సన్నటి గొట్టాల కట్ట, వాటి గోడల్లోని రంధ్రాలు 0.01 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటాయి. బ్యాక్టీరియా అంతకు ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి దాటలేదు. దీనికి కరెంటు అక్కర్లేదు, నీళ్లు వృథా కావు.

మార్చి 17

బిగించాం. ప్లంబర్‌కు 500, ఫిల్టర్లు పెట్టే మూడు హౌసింగ్‌లు ఫిట్టింగులతో 2,400, కార్బన్ 450, మెంబ్రేన్ 900. ట్యాంకు ఐదో అంతస్తు పైన, మేం మూడో అంతస్తు, మధ్యలో సుమారు ఎనిమిది మీటర్ల ఎత్తు. పది మీటర్లకు ఒక బార్ ప్రెషర్ అనుకుంటే మాకు 0.8 వస్తుంది. మోటారు లేకుండానే లీటరు నిండడానికి నిమిషం పది సెకన్లు పట్టింది. చాలు.

ప్లంబర్ మొదటి హౌసింగ్‌ను తిరగేసి బిగించాడు. మూత మీద బాణం గుర్తు ఉంటుంది, నీళ్లు ఆ దిక్కునే పోవాలి. నేను పక్కనే ఉండి చూశాను కాబట్టి సరిపోయింది, మీరూ పక్కనే ఉండండి. మొదట కార్బన్ నుంచి నల్లటి నీళ్లు వస్తాయి, కొత్త మెంబ్రేన్‌కు పట్టించిన ద్రవం కూడా పోవాలి. అందుకని రెండు బకెట్లు పట్టి మొక్కలకు పోశాను.

మార్చి 20

సీసా నల్లబడింది.

హెచ్‌టూఎస్ సీసాలని దొరుకుతాయి, పదింటికి 350 రూపాయలు. లోపల పొడి ఉంటుంది, గీత దాకా నీళ్లు పోసి, బాగా ఊపి, ఒకటి రెండు రోజులు గది వేడిలో ఉంచాలి. మలంతో కలుషితమైన నీళ్లలో సాధారణంగా కనపడే బ్యాక్టీరియా ఉంటే నల్లబడుతుంది. ఫిల్టర్ నీళ్లు పోసిన సీసా 30 గంటల్లో సిరా పోసినట్టు అయింది. అత్తమ్మ దాన్ని చూసి ఒక్క మాట కూడా అనకుండా ఫోన్ తీసుకుని క్యాన్ ఆర్డర్ చేసింది. ఆమెను తప్పుపట్టను.

మార్చి 23

ఎక్కడ చెడుతోందో పట్టుకోవడానికి ఐదు చోట్ల నుంచి ఐదు సీసాలు నింపాను. వీధి నుంచి సంపులోకి పడే నీళ్లు, సంపు, డాబా మీది ట్యాంకు, ఫిల్టర్ గొట్టం కొస, ఆ తర్వాత మేం గ్లాసుల్లోకి పట్టుకునే డిస్పెన్సర్. మొదటి మూడు చోట్ల క్లోరిన్ కూడా చూశాను, చుక్కలు వేస్తే పసుపు రంగు తేలే చిన్న కిట్ ఉంటుంది. వీధి నీళ్లు 0.5, సంపులో 0.2, ట్యాంకులో సున్నా. నల్లా దగ్గర కనీసం 0.2 ఉండాలి.

మార్చి 25

వీధి నీళ్లు తేట. సంపు తేట. ట్యాంకు నలుపు. ఫిల్టర్ గొట్టం కొస తేట. డిస్పెన్సర్ నలుపు.

ఆ వరస చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఫిల్టర్ తన పని తాను చేసింది, ట్యాంకులో ఉన్న చెడును ఆపింది. మొన్నటి సీసాకు నేను నీళ్లు పట్టింది డిస్పెన్సర్ నుంచి! అది క్యాన్ బోర్లించుకునే పాత పింగాణీ డిస్పెన్సర్. దాని నల్లా విప్పి చూస్తే లోపలంతా జిగురు జిగురుగా నాచు. మూడేళ్లలో పైపైన తుడిచాం, ఆ నల్లాను ఏనాడూ విప్పలేదు. అంటే సీల్ ఉన్న మంచి క్యాన్ తెచ్చినా, ల్యాబ్‌లో పాసైన నీళ్లు పోసినా, మా ఇంట్లో గ్లాసులోకి దిగేసరికి పాడయ్యేవి. నేను క్యాన్‌లో పాచి చూసి కోప్పడ్డాను, పాచి మా కిచెన్‌లో కూడా ఉంది. పోయిన ఏడాది చిన్నోడికి రెండుసార్లు విరేచనాలు పట్టుకుని గ్లూకోజ్ ఎక్కించాల్సి వచ్చింది, దేనివల్లో అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ ఇదేనని తేల్చి చెప్పలేను గానీ ఆ రాత్రుళ్లు గుర్తొచ్చి కడుపులో దేవినట్టయింది.

ఇంకో సంగతి. కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ను తీసేస్తుంది. రుచి బాగుపడుతుంది గానీ, ఆ తర్వాత నీళ్లకు కాపలా ఉండదు. ఫిల్టర్ దాటిన నీళ్లను మురికి పాత్రలో పోస్తే మామూలు నల్లా నీళ్లకంటే త్వరగా చెడతాయి. కాబట్టి ఏ పాత్రలో నిలవ చేస్తున్నామన్నది ఫిల్టర్ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

డిస్పెన్సర్ ఇవాళే పడేశాం. నల్లా ఉన్న స్టీల్ డబ్బా తెచ్చాను, పూర్తిగా విప్పి కడగొచ్చు, చెంబు ముంచే పని లేదు.

మార్చి 31

ట్యాంకు కడిగించాం. వాచ్‌మన్ అన్నతో పాటు పైకెక్కి చూస్తే మూత పగిలి సగమే ఉంది, చుట్టూ పావురాలు, అడుగున వేలెడు మందాన బురద. అందులో ఏ క్లోరిన్ నిలుస్తుంది?

బురద తీసి, గోడలు తోమి, ట్యాంకు నింపాక బ్లీచింగ్ పౌడర్ వేశాం. లెక్క ఇది: లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి, 1,000 లీటర్లకు 50 గ్రాములు. తాజా పౌడర్‌లో మూడో వంతే క్లోరిన్ ఉంటుంది కాబట్టి 150 గ్రాములు. బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రం పోశాం. రాత్రంతా ఉంచి పొద్దున మొత్తం వదిలేసి, రెండుసార్లు మంచినీళ్లతో కడిగాం. ఆ రాత్రి నల్లా తిప్పొద్దని ప్రతి ఫ్లాటుకూ వెళ్లి నేనే చెప్పొచ్చాను. సంపు విషయంలో మాత్రం ఒకటి గట్టిగా చెప్పాను, మనిషి లోపలికి దిగడానికి వీల్లేదు. మూసి ఉంచిన సంపులో గాలి ఆడక ప్రాణాలు పోతాయి. పైనుంచే మోటారుతో తోడించాం. కొత్త మూతకు అసోసియేషన్ డబ్బులిచ్చింది.

ఏప్రిల్ 4

ట్యాంకు తేట. గొట్టం తేట. స్టీల్ డబ్బా తేట. నలభై ఎనిమిది గంటల తర్వాత కూడా. పిల్లలు సీసాలను కిటికీలో వరసగా నిలబెట్టి స్కూలు నుంచి రాగానే చూసుకుంటున్నారు.

ఏప్రిల్ 19

పది రోజులుగా క్యాన్ తేవట్లేదు. వారం వారం సీసా పెడుతున్నాను, అన్నీ తేటగా ఉన్నాయి. క్యాన్ల తమ్ముడికి ముందే చెప్పాను, లెక్క తేల్చి, డిపాజిట్ అతన్నే ఉంచుకోమన్నాను.

మొదటి మూడు రోజులు నీళ్లు బరువుగా ఉన్నాయని మా ఆయన అన్నాడు. టీడీఎస్ 38కి అలవాటైన నాలుకకు 340 అలాగే ఉంటుంది. అత్తమ్మ మాత్రం మొదటి గ్లాసు తాగి "ఇవి నీళ్ల లెక్క ఉన్నయి బిడ్డా, క్యాన్‌ది సప్పగ ఉంటుండె" అంది. ఆమె పెళ్లయి పాతబస్తీకి వచ్చిన రోజుల్లో ఇంటికి ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట చెరువు నీళ్లు వచ్చేవట. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ వదిలిపోలేరని అనేవాళ్లు కదా, ఆ మాట చెబుతూ మొత్తం గ్లాసు ఖాళీ చేసింది.

ఎండలు ముదిరాయని ఆమె కుండ అడిగింది. నల్లా ఉన్న మట్టి కుండ తెచ్చాను. రెండు రోజులకోసారి ఖాళీ చేసి, పీచుతో తోమి, ఎండలో ఆరబెడుతున్నాను. దానికీ సీసా పరీక్ష చేశాను, తేట.

మే 14

ఇవాళ ఆపేయాల్సి వచ్చింది. ఎండలకు నల్లా నీళ్లు తగ్గాయి, రోజు విడిచి రోజు వచ్చేవి మూడు రోజులకోసారి వస్తున్నాయి. నిన్న రాత్రి ఎవరో ప్రైవేటు ట్యాంకర్ తెప్పించి తాగే నీళ్ల సంపులోనే దింపించారు. పొద్దున మీటర్ పెడితే 871. టీడీఎస్ మీటర్ నాకు నిజంగా ఉపయోగపడింది ఇవాళే, నీళ్ల మూలం మారిపోయిందని క్షణంలో చెప్పింది. ఆ నీళ్లు ఏ బోరువో, అందులో నైట్రేట్ ఎంతుందో, మా ఫిల్టర్ దాన్ని తీయలేదు. వెంటనే ఐఎస్ఐ గుర్తు, సీలు ఉన్న క్యాన్లు రెండు కొన్నాను, మొహమాటం లేకుండా రాస్తున్నాను.

సాయంత్రం మీటింగ్ పెట్టించాను. టెన్షన్‌గానే మొదలుపెట్టాను గానీ ల్యాబ్ రిపోర్టు అందరి చేతికీ ఇచ్చేసరికి మాటలు తేలికయ్యాయి. ఇకమీదట ప్రైవేటు ట్యాంకర్ ఏదైనా బోరు సంపులోకే, తాగే నీళ్ల సంపు మూతకు తాళం, తాళంచెవి వాచ్‌మన్ అన్న దగ్గర. (తర్వాత చేర్చింది: సంపు ఖాళీ చేయించి, వీధి నీళ్లు రెండుసార్లు నిండాక నాలుగో రోజు మళ్లీ 350కి వచ్చింది.)

జూన్ 20

మృగశిర వచ్చింది, వానలు పడ్డాయి. సెడిమెంట్ ఫిల్టర్ తెల్లగా ఉండేది, ఇప్పుడు ఇటుక రంగు. మూడు నెలలకు మార్చాలనుకున్నట్టే మార్చాను, 120 రూపాయలు.

చివర క్రిముల్ని కాంతితో చంపే యూవీ ల్యాంప్ కూడా పెట్టించాను, 1,900. ఎందుకంటే వానాకాలం కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ వైరస్ సుమారు 0.027 మైక్రాన్లు. లెక్క ప్రకారం యూఎఫ్ ఆపాలి, కానీ రంధ్రాలన్నీ ఒకే కొలతలో ఉండవు, గొట్టం ఒక్కటి తెగినా వైరస్ దాటుతుంది. బురద నీళ్లలో యూవీ కాంతి చొరలేదు, అందుకే అది యూఎఫ్ తర్వాతే ఉండాలి. కరెంటు పోయినప్పుడు పట్టిన నీళ్లను మరిగిస్తున్నాం.

జూలై 16

లెక్కలు రాసుకున్నాను. మీటర్, సీసాలు, ల్యాబ్, యూవీ అన్నీ కలిపి 9,550. క్యాన్లకు వారానికి 175 చొప్పున ఏడాదికి 9,100 అయ్యేది. ఇకమీదట ఫిల్టర్లు, మెంబ్రేన్, ల్యాంప్ మార్పిడికి ఏడాదికి సుమారు 2,730 అవుతుంది. డబ్బు కోసం మొదలుపెట్టలేదు గానీ అంకె చూస్తే సంతోషంగానే ఉంది.

కింది ఫ్లాటు ఆంటీ ప్లాస్టిక్ ముక్కల గురించి అడిగారు. 2024లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు అమెరికాలో అమ్మే బాటిల్ నీళ్లు పరీక్షించి లీటరుకు సగటున 2,40,000 సన్నటి ప్లాస్టిక్ రేణువులు లెక్కపెట్టారు. అయితే అందులో కనపడిన నైలాన్ రకం ప్లాస్టిక్ నీళ్లు శుద్ధి చేసే ఫిల్టర్ల నుంచే వచ్చి ఉండొచ్చని కూడా వాళ్లు చెప్పారు. మా ఇంట్లో ఉన్నదీ ప్లాస్టిక్ ఫిల్టరే, కాబట్టి మా నీళ్లలో ఒక్క రేణువూ లేదని ఆమెకు చెప్పలేదు. ఎండలో నిలబడిన బాటిళ్లు మాత్రం కొనొద్దన్నాను. బోనాలకు వచ్చిన చుట్టాలందరికీ కుండ నీళ్లే ఇచ్చాను. ఒక్క మా ఆడపడుచు "క్యాన్ నీళ్లు లేవా వదినా?" అని అడిగితే నేను జవాబు చెప్పేలోపే చిన్నోడు సీసాలు తెచ్చి చూపించాడు.

ఆగస్టు 12

రెండో అంతస్తులో రెండు ఇళ్లు ఇదే సెట్టు పెట్టించుకున్నాయి. ప్రెషర్ వాళ్లకు మాకంటే బాగుంది, లీటరుకు 50 సెకన్లే. డాబా మీది ట్యాంకు మూడు నెలలకోసారి కడగాలని అసోసియేషన్ పుస్తకంలో రాయించాను. జూన్ ఆఖర్న ఒకసారి అయింది, తర్వాతిది సెప్టెంబర్ 28న. ఈ వారం సీసా తేట. నల్లాలో క్లోరిన్ 0.2, టీడీఎస్ 318, సాగర్‌కు కొత్త నీళ్లు వచ్చినట్టున్నాయి. కార్బన్ ఫిల్టర్ వచ్చే నెల మార్చాలి, ఇవాళే తెచ్చి బీరువా పైన పెట్టాను.